శాట్ సగటు స్కోర్లు, అమెరికా కాలేజీ అడ్మిషన్లు: తెలుగు తల్లిదండ్రులు పదేపదే అడిగే ప్రశ్నలు

ఆదివారం తెలుగు క్లాసు వదిలేదాకా కార్ల దగ్గర నిలబడ్డప్పుడు, వ్రతాలకు వెళ్తే భోజనాల దగ్గర, రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో నన్ను అడిగే ప్రశ్నలు ఇవే. మేము డాలస్ పక్కన ఉంటాం. మా పిల్లలిద్దరూ ఈ దారి దాటారు. పెద్దమ్మాయి అప్పుడు మాకు ఏమీ తెలియదు. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగినవాళ్ళం కదా, అమెరికా కాలేజీల్లో చేరడానికి పిల్లలు రాసే శాట్ పరీక్ష స్కోరునూ అలాగే చూశాం. దానివల్ల పిల్ల ఎంత నలిగిందో నాకింకా గుర్తుంది. అందుకే ఓపిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు. రూల్స్ ఏటా మారుతున్నాయి కాబట్టి, అప్లై చేసే ముందు ఆ కాలేజీ అడ్మిషన్ల పేజీ మాత్రం తప్పకుండా చూసుకోండి.

## మొదట్లో వచ్చే అనుమానాలు

శాట్‌లో ఎంత వస్తే సగటు అంటారు?

2024లో హైస్కూల్ పూర్తిచేసిన బ్యాచ్‌లో దాదాపు 19 లక్షల 70 వేల మంది శాట్ రాశారు. వాళ్ళ సగటు 1600కి 1024. అందులో రీడింగ్-రైటింగ్ 519, మ్యాథ్ 505. ఈ మాట చెబితే మనవాళ్ళు నమ్మరు. ఎందుకంటే మన చెవిన పడేవి 1500లు, 1550లు. ఆ స్కోర్లు వచ్చినవాళ్ళే బయటికి చెబుతారు, 1180 వచ్చిన ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. ఇంకో సంగతి, స్కేలు సున్నా నుంచి కాదు, 400 నుంచి మొదలవుతుంది. 1200 వచ్చిన పిల్లవాడు రాసినవాళ్ళలో సుమారు నూటికి 75 మంది కంటే ముందున్నట్టు. 1400 దాటితే నూటికి తొంభై మందికి పైగా వెనకే ఉన్నారు.

ఇది మన ఎంసెట్ లాంటిదేనా? ఈ స్కోరుకి ఈ కాలేజీ అని లిస్టు ఉంటుందా?

ఉండదు. ఎంసెట్‌లో ర్యాంకు వస్తుంది, వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటాం, ఆ ర్యాంకును బట్టి సీటు అలాట్ అవుతుంది. ఇక్కడ ర్యాంకూ లేదు, కౌన్సెలింగూ లేదు, చాలా చోట్ల కటాఫ్ కూడా లేదు. తొమ్మిదో గ్రేడ్ నుంచి వచ్చిన మార్కులు, తీసుకున్న కోర్సులు ఎంత కష్టమైనవి, వ్యాసాలు, టీచర్ల సిఫారసు ఉత్తరాలు, బడి బయట చేసిన పనులు, వీటన్నిటితో పాటు శాట్ కూడా ఫైల్లో ఒక కాగితం. బలమైన కాగితమే, కానీ ఒక్కటే.

మా స్టేట్ సగటు 1000 లోపు. ఇంకో స్టేట్‌లో 1200 పైన ఉందట. అక్కడి స్కూళ్ళు అంత బాగుంటాయా?

ఆ అంకె స్కూళ్ళ గురించి చెప్పడం లేదు, ఎవరు రాశారో చెబుతోంది. మిషిగన్‌లో పదకొండో గ్రేడ్ పిల్లలందరికీ బడిలోనే శాట్ పెడతారు, కాలేజీ ఆలోచన లేనివాళ్ళతో సహా. అందుకే సగటు 1000 కిందకి వస్తుంది. విస్కాన్సిన్‌లో ఎక్కువమంది శాట్‌కి బదులు పనికొచ్చే ఏసీటీ అనే పరీక్ష రాస్తారు. శాట్ రాసేది బయటి పెద్ద కాలేజీల మీద కన్నేసిన కొద్దిమంది, కాబట్టి సగటు 1200 దాటుతుంది. ఊళ్ళో అందరినీ పరిగెత్తించి టైమ్ తీస్తే ఒక లెక్క, కబడ్డీ టీమును మాత్రమే పరిగెత్తిస్తే ఇంకో లెక్క. ఈ అంకె చూసి ఇల్లు మారాలనుకున్న కుటుంబం నాకు తెలుసు. దయచేసి ఆ పని చేయకండి.

1990లో ఇక్కడ హైస్కూల్ చదివిన మా బావగారికి 1250 వచ్చిందట. మా వాడి 1300 అంతకంటే మెరుగేనా?

పోల్చలేం. 1995లో స్కేలును మళ్ళీ సర్దారు. అంతకుముందు వచ్చిన స్కోర్లు ఇప్పటి లెక్కలో ఇంకా ఎక్కువ అవుతాయి. 2005 నుంచి 2016 వరకైతే మొత్తం 2400కి పెట్టారు. అప్పటి స్కోరు అప్పటిదే.

శాట్ రాయాలా, ఏసీటీ రాయాలా?

కాలేజీలకు రెండూ సమానమే. ఏసీటీ స్కోరు 1 నుంచి 36 వరకు ఉంటుంది, 2024 బ్యాచ్ సగటు 19.4. ఇంట్లో ఒక శనివారం శాట్ ప్రాక్టీస్ టెస్టు, ఇంకో శనివారం ఏసీటీ ప్రాక్టీస్ టెస్టు గడియారం పెట్టి రాయించండి. ఏది హాయిగా అనిపిస్తే అదే పట్టుకోవాలి. రెండూ పెట్టుకుంటే దేనికీ న్యాయం జరగదు. ఏసీటీని 2025 నుంచి కొంచెం కుదించారు, సైన్స్ భాగం రాయాలా వద్దా అన్నది పిల్లల ఇష్టానికి వదిలేశారు. పాత పుస్తకాలు కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

## పరీక్షకు తయారయ్యేటప్పుడు

ఏడో గ్రేడ్ నుంచే కోచింగ్ పెట్టించాలా?

అక్కర్లేదు. ఆ వయసులో కథల పుస్తకాలు చదివితే అదే పెద్ద ప్రిపరేషన్. మ్యాథ్‌లో ఆల్జీబ్రా 2 అయ్యేసరికి కావలసిన సరుకు చాలావరకు చేతికొస్తుంది. పదో గ్రేడ్ తర్వాతి వేసవిలో మొదలుపెట్టి, పదకొండులో అక్టోబరులో శాట్‌కి నమూనా లాంటి పీశాట్ రాసి, మార్చిలో మొదటి శాట్ రాస్తే చాలామందికి సరిపోతుంది.

పరీక్ష ఇప్పుడు ఎలా ఉంటుంది? నెగెటివ్ మార్కులు ఉన్నాయా?

నెగెటివ్ మార్కులు లేవు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదని పిల్లలకు చెప్పండి. అమెరికాలో 2024 మార్చి నుంచి, బయటి దేశాల్లో 2023 నుంచి పరీక్ష మొత్తం ల్యాప్‌టాప్ మీదే, బ్లూబుక్ అనే యాప్‌లో. 2 గంటల 14 నిమిషాలు. రీడింగ్-రైటింగ్‌లో 54 ప్రశ్నలు, మ్యాథ్‌లో 44. ఒక్కో సెక్షన్‌లో రెండు మాడ్యూళ్ళు ఉంటాయి. మొదటి మాడ్యూల్ ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది కష్టమైనదో తేలికైనదో వస్తుంది. తేలికైనది వస్తే పై స్కోర్లు అందవు. కాబట్టి మొదటి మాడ్యూల్‌లో తొందరపడకూడదు. డెస్మోస్ క్యాలిక్యులేటర్ తెరమీదే ఉంటుంది. అది వాడటం చేతికి అలవాటైతే మ్యాథ్‌లో బోలెడు టైమ్ మిగులుతుంది.

వేల డాలర్లు పోసి కోచింగ్ పెట్టిస్తేనే స్కోరు పెరుగుతుందా?

నా అనుభవంలో కాదు. పెద్దమ్మాయిని ఒక ఖరీదైన సెంటర్‌కు పంపాం. వారానికి రెండు సాయంత్రాలు, గుట్టలకొద్దీ వర్క్‌షీట్లు. ఏ తప్పు ఎందుకు వచ్చిందో కూర్చుని చెప్పినవాళ్ళు లేరు. చిన్నవాడికి ఏ సెంటరూ పెట్టలేదు. బ్లూబుక్‌లో పూర్తి ప్రాక్టీస్ టెస్టులు, ఖాన్ అకాడమీలో పాఠాలు, రెండూ ఉచితం. వీటితో పాటు ఒక రూళ్ళ నోటుబుక్కు.

ఆ నోటుబుక్కులో ప్రతి పేజీకి మూడు గళ్ళు గీసుకున్నాడు: తెలియక పోయింది, తెలిసీ పోయింది, టైమ్ చాలక పోయింది. నెల తర్వాత తీసి చూస్తే మధ్య గడి నిండిపోయి ఉంది. "ఎక్స్ కనుక్కుని ఆగాను, అడిగింది 3 ఎక్స్" అని ఒకే పేజీలో నాలుగుసార్లు రాసి ఉంది. ఆ రోజు నుంచి ప్రశ్న చివరి లైను రెండుసార్లు చదివాకే జవాబు నొక్కడం మొదలుపెట్టాడు. వాడి మ్యాథ్ స్కోరును కదిలించింది కొత్త పాఠాలు కాదు, ఆ ఒక్క అలవాటు.

ఎన్నిసార్లు రాయించాలి?

రెండుసార్లు మామూలు. అవసరమైతే మూడు. ఆ తర్వాత స్కోరు పెద్దగా కదలదు, పిల్లలే అలసిపోతారు. ఆ శనివారాలు నిద్రకో, వ్యాసాలకో ఇవ్వండి.

## స్కోరు చేతికొచ్చాక

మా అమ్మాయికి 1390 వచ్చింది. తను ఇష్టపడుతున్న కాలేజీ సగటు 1450. జాబితాలోంచి తీసేయాలా?

తీసేయకండి. మేము చేసిన తప్పు సరిగ్గా ఇదే. అచ్చంగా ఇలాంటి తేడా చూసి, పెన్ను తీసుకుని, పిల్ల ముందే ఆ కాలేజీ పేరు కొట్టేశాను. అది కటాఫ్ అనుకున్నాను. తను ఏమీ అనలేదు, లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

సగటు అంటేనే చేరినవాళ్ళలో చాలామంది దానికంటే కింద ఉన్నారని అర్థం. కాలేజీలు మామూలుగా సగటు కంటే మధ్య 50 శాతం రేంజి చెబుతాయి. ఉదాహరణకు 1350 నుంచి 1510 అని ఉంటే, చేరి స్కోరు ఇచ్చినవాళ్ళలో పావువంతు మంది 1350 లోపు, పావువంతు మంది 1510 పైన, మిగతా సగం మంది ఆ రెంటి మధ్య. అలాంటి చోట 1390 రేంజి లోపలే ఉంది. కింది అంచుకి దగ్గర కాబట్టి మిగతా ఫైలు గట్టిగా ఉండాలి, అంతే. రేంజి కింద ఉన్నవాళ్ళలో క్రీడలకో మరో ప్రత్యేకతకో తీసుకున్న పిల్లలు కూడా ఉంటారు కాబట్టి, కింది అంచుకు బాగా దిగువన ఉంటే మాత్రం దాన్ని కల కాలేజీల్లో వేసుకుని, ఖాయంగా వచ్చేవి వేరే పెట్టుకోవాలి.

రిపోర్టులో రెండు పర్సెంటైళ్ళు ఉన్నాయి. ఏది చూడాలి?

పర్సెంటైల్ అంటే నూటికి ఎంతమంది కంటే ముందున్నారో చెప్పే అంకె. ఒకటి దేశంలోని ఆ గ్రేడ్ పిల్లలందరితో పోల్చేది, రాయనివాళ్ళను కూడా అంచనా కట్టి కలుపుకుంటారు. రెండోది నిజంగా శాట్ రాసినవాళ్ళతో పోల్చేది. రెండోదే చూడండి.

సూపర్‌స్కోర్ అంటే ఏంటి?

వేర్వేరు తేదీల్లో వచ్చిన మంచి సెక్షన్ స్కోర్లను కలపడం. మార్చిలో రీడింగ్-రైటింగ్ 680, మ్యాథ్ 760, మొత్తం 1440. ఆగస్టులో 720, 740, మొత్తం 1460. సూపర్‌స్కోర్ 720 ప్లస్ 760, అంటే 1480. చాలా కాలేజీలు ఇలాగే లెక్కేస్తాయి, కొన్ని వేయవు. కాలేజీలు ప్రచురించే సగటులు ఎత్తుగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

1520 వచ్చింది. 1580 కోసం మళ్ళీ రాయమంటున్నాను, వాడు వద్దంటున్నాడు.

వాడి మాట వినండి. ఆ స్థాయిలో స్కోరు తన పని చేసేసింది. ఒక్క మినహాయింపు చెప్తాను. ఎంఐటీ లాంటి చోట చేరినవాళ్ళ మ్యాథ్ స్కోర్లలో 25వ పర్సెంటైలే 780 దగ్గర ఉంటుంది. ఇంజినీరింగ్‌కి అలాంటిచోట వేస్తూ, 1520లో మ్యాథ్ 740 మాత్రమే ఉంటే, ఇంకోసారి రాయడంలో అర్థం ఉంది.

## కాలేజీల జాబితా వేసుకునేటప్పుడు

ఇప్పుడు శాట్ ఎక్కడ తప్పనిసరి, ఎక్కడ అక్కర్లేదు?

కాలేజీలను మూడు గుంపులుగా చూడండి. స్కోరు లేకపోతే అప్లికేషనే తీసుకోనివి మొదటివి. కోవిడ్ అప్పుడు ఆపిన ఈ నిబంధనను ఎంఐటీ 2022లో వెనక్కి తెచ్చింది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ అదే బాట పట్టాయి. స్టాన్‌ఫర్డ్, కార్నెల్ 2026 ఫాల్‌లో (ఆగస్టు-సెప్టెంబరులో మొదలయ్యే సెమిస్టర్‌లో) చేరేవాళ్ళ నుంచి అడుగుతున్నాయి. జార్జియా టెక్, ఫ్లోరిడా పబ్లిక్ యూనివర్సిటీలు, పర్డ్యూ, ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ కూడా ఇందులోవే. యేల్‌ది కొంచెం వేరు: శాట్, ఏసీటీ, లేదా హైస్కూల్లో చదివే కాలేజీ స్థాయి కోర్సుల పరీక్షలైన ఏపీ, ఐబీల్లో ఏదో ఒకటి ఇవ్వాలి.

రెండోవి టెస్ట్ ఆప్షనల్. పంపితే చూస్తారు, పంపకపోతే మిగతావి చూస్తారు. సంఖ్యలో ఇవే ఎక్కువ. కొలంబియా ఇందులోదే.

మూడోవి టెస్ట్ బ్లైండ్. మీరు 1600 పంపినా అడ్మిషన్‌కి చూడరు. బర్క్లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగోలతో సహా యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లన్నీ ఇంతే. కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థ 2022లో ఇదే నిర్ణయం తీసుకుంది. పిల్లలు యూసీలు, కాల్ స్టేట్‌లు మాత్రమే వేస్తామంటే అసలు శాట్ రాయకపోయినా ఏమీ కాదు.

ఆప్షనల్ అంటే నిజంగా ఆప్షనలేనా? మా వాడి స్కోరు పంపాలా, దాచాలా?

దీనికి ఊహలు అక్కర్లేదు, కాగితం ఉంది. గూగుల్‌లో కాలేజీ పేరు పక్కన "కామన్ డేటా సెట్" అని కొట్టండి. దాదాపు ప్రతి కాలేజీ ఏటా ఇది బయట పెడుతుంది. అందులో సీ9 అనే భాగానికి వెళ్ళండి. ముందు చేరినవాళ్ళలో ఎంత శాతం మంది శాట్ ఇచ్చారో ఉంటుంది. దాని కింద 25వ, 50వ, 75వ పర్సెంటైళ్ళు ఉంటాయి.

ఆ శాతం చాలా ముఖ్యం, ఎవరూ చూడరు. నూటికి 35 మందే స్కోరు ఇచ్చారనుకోండి, కింద కనిపించే 1460 ఆ 35 మందిది. ఏసీటీ ఇచ్చినవాళ్ళో, స్కోరు తక్కువని దాచుకున్నవాళ్ళో అయిన మిగతా 65 మంది ఆ లెక్కలో లేరు. 2020లో కోవిడ్ తర్వాత చాలా కాలేజీల అంకెలు ఒక్కసారిగా పైకెగరడానికి పిల్లలు తెలివి మీరడం కాదు, ఇదే కారణం. ఆ 1460 చూసి బెంగపెట్టుకోకండి.

పంపాలా వద్దా అంటే, స్కోరు మధ్య రేంజిలో ఎక్కడున్నా పంపమంటాను. కింది అంచు కంటే కొంచెం తక్కువైనా, మీ హైస్కూల్ సగటు కంటే బాగా పైన ఉంటే కూడా పంపడం మంచిది. అడ్మిషన్ ఆఫీసర్లు స్కోరును ఆ స్కూలు పిల్లల స్కోర్ల పక్కన పెట్టి చూస్తారు. స్కూలు ప్రొఫైల్ అనే కాగితం కౌన్సెలర్ పంపేది అందుకే. డార్ట్‌మత్ ప్రొఫెసర్లు తమ కాలేజీ లెక్కలు తీసి చూస్తే, తక్కువ వనరులున్న స్కూళ్ళ పిల్లలు తమకు సాయపడే స్కోర్లనే దాచుకున్నారని తేలింది. పరీక్ష వెనక్కి తేవడానికి అదొక ముఖ్య కారణం.

మన ఇండియన్ పిల్లలకు మిగతావాళ్ళకంటే ఎక్కువ స్కోరు కావాలంటున్నారు, నిజమేనా?

ఏషియన్ విద్యార్థుల సగటు స్కోరు 1200 పైనే ఉంటుంది, అది నిజం. అప్లై చేసేవాళ్ళలో ఎక్కువ స్కోర్లు ఎక్కువమందికి ఉన్నాయి కాబట్టి పోటీ బిగుతుగా కనిపిస్తుంది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పిచ్చింది. నాకు కనిపించిన అసలు ఇబ్బంది వేరు. మన పిల్లల్లో చాలామంది ఒకే కంప్యూటర్ సైన్స్‌కి, అవే పాతిక కాలేజీలకు వేస్తారు. అక్కడ పోటీ శాట్‌తో తగ్గదు. మేజర్‌లోనో (ప్రధానంగా చదివే సబ్జెక్టులోనో), కాలేజీల జాబితాలోనో కాస్త వెడల్పు తెచ్చుకుంటే చాలా తేడా ఉంటుంది.

టెక్సాస్‌లో టాప్ 10 శాతంలో ఉంటే శాట్ అక్కర్లేదట కదా?

సగం నిజం. 1997 చట్టం ప్రకారం క్లాసులో టాప్ 10 శాతం పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఉంటుంది. ఆస్టిన్ మాత్రం టాప్ 6 శాతానికే ఇచ్చేది, 2026 ఫాల్ నుంచి టాప్ 5కి తగ్గించింది. అయితే ఆ హామీ యూనివర్సిటీకే, మీరు కోరిన మేజర్‌కి కాదు. ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, బిజినెస్ కావాలంటే ఫైలు మొత్తం చదువుతారు, అందులో స్కోరు కూడా ఉంటుంది.

స్కోరుతో ఫీజు తగ్గుతుందా?

కొన్ని చోట్ల బాగా తగ్గుతుంది. యూనివర్సిటీ ఆఫ్ అలబామా లాంటివి ఈ జీపీఏకి (హైస్కూల్ మార్కుల సగటుకి), ఈ స్కోరుకి ఇంత స్కాలర్‌షిప్ అని పట్టిక ముందే వెబ్‌సైట్‌లో పెడతాయి. అక్కడ పది పాయింట్లకు కూడా డబ్బు విలువ ఉంటుంది. హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది కాలేజీల గుంపైన ఐవీ లీగ్‌లో మాత్రం మెరిట్ స్కాలర్‌షిప్ అనేదే లేదు, కుటుంబ ఆదాయాన్ని బట్టే సాయం.

## అప్లికేషన్ పంపేటప్పుడు

రాసిన స్కోర్లన్నీ పంపాలా?

చాలా చోట్ల అక్కర్లేదు, స్కోర్ చాయిస్ కింద ఏ తేదీది పంపాలో మీరే ఎంచుకోవచ్చు. జార్జ్‌టౌన్ లాంటి కొన్ని అన్నీ అడుగుతాయి. నాలుగు రిపోర్టులు ఉచితంగా పంపే వీలుంది, కానీ పరీక్ష అయిన 9 రోజుల్లోపే, అంటే స్కోరు చూడకముందే.

జీపీఏ 4.0 ఉంది, శాట్ 1250. దేన్ని నమ్ముతారు?

నాలుగేళ్ళ మార్కులకే ముందు చోటు. కాకపోతే ఇప్పుడు చాలా స్కూళ్ళలో 4.0లు ఎక్కువైపోయాయి. ఆ మార్కుల వెనక పట్టు ఎంతుందో చూసుకోవడానికి స్కోరు వాడతారు. కష్టమైన కోర్సులు తీసుకుని, ఏపీ పరీక్షల్లో 4, 5 వచ్చి ఉంటే 1250 ఒక్కటే ఫైలును పాడు చేయదు. స్కోరు తప్పనిసరి కాని చోట్లకు పంపకుండా వేసుకోవచ్చు.

## వీసా మీద ఉన్నవాళ్ళకు, ఇండియా నుంచి వేసేవాళ్ళకు

మేం హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నాం. మా పిల్లలకు వేరే స్కోరు చూస్తారా?

వేరే స్కోరంటూ లేదు. కానీ కొన్ని కాలేజీలు హెచ్4 పిల్లలను ఇంటర్నేషనల్ కింద లెక్కేస్తాయి, ఫెడరల్ సాయం అందదు. ఇన్-స్టేట్ ఫీజు విషయంలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. పదో గ్రేడ్‌లోనే ప్రతి కాలేజీకి ఈమెయిల్ రాసి జవాబు దాచుకోండి. 21 ఏళ్ళు నిండేలోపు ఎఫ్1 విద్యార్థి వీసాకి మారాల్సిన సంగతి కూడా లాయర్‌తో ముందే మాట్లాడుకోండి. మాకు తెలిసిన ఒక కుటుంబం ఆఖరి సంవత్సరంలో ఈ టెన్షన్‌తో శాట్ సంగతే మర్చిపోయింది.

మా తమ్ముడి కొడుకు హైదరాబాద్‌లో ఇంటర్ చదువుతున్నాడు. వాడు రాయొచ్చా?

హాయిగా రాయొచ్చు, పరీక్ష అదే, స్కేలూ అదే. ఇంటర్‌లో ఎంపీసీ చదివే పిల్లలకు మ్యాథ్ తేలిక. వాళ్ళు తడబడేది రీడింగ్‌లో, అందుకే రోజూ అరగంట ఇంగ్లీష్ వ్యాసాలు చదివించమని మా తమ్ముడికి చెప్పాను. 9 నుంచి 12 వరకు మార్కుల కాగితాలన్నీ అడుగుతారు, కాబట్టి పాత స్కూలు ప్రోగ్రెస్ కార్డులు పారేయకండి. టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ విడిగా అడగొచ్చు. బీటెక్ అయ్యాక ఎంఎస్ కోసం రాసే జీఆర్‌ఈ దీనికి సంబంధం లేని పరీక్ష.

## ఫలితాలు వచ్చాక

1560 ఉన్నా నాలుగు చోట్ల రాలేదు. ఏం తప్పు చేశాం?

బహుశా ఏమీ లేదు. అలాంటి కాలేజీల్లో వందకి ఐదారుగురిని తీసుకుంటారు, వద్దన్న వాళ్ళలో 1560లు బోలెడంత మంది ఉంటారు. ఆ రాత్రి స్కోరు గురించి మాట్లాడకండి. మా అమ్మాయికి ఆ సాయంత్రం రెండు చోట్ల నుంచి ఒకేసారి కాదని వచ్చింది. మా అత్తగారు ఏమీ అడగకుండా పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టారు. అప్పుడు తినింది.

వెయిట్‌లిస్టులో ఉన్నాం. కొత్త స్కోరు పంపితే సాయపడుతుందా?

చాలాచోట్ల అప్పటికి కొత్త స్కోరు లెక్కలోకి రాదు. ఆఖరి సెమిస్టర్ మార్కులు, ఈమధ్య చేసిన పని, ఇస్తే తప్పకుండా చేరతామన్న మాట, ఈ మూడూ ఒక పేజీ ఉత్తరంలో పంపండి.

కాలేజీలో చేరాక ఈ స్కోరు ఎవరైనా అడుగుతారా?

కొన్ని చోట్ల మొదటి సెమిస్టర్‌లో ఏ మ్యాథ్ క్లాసులో కూర్చోబెట్టాలో చూడటానికి వాడతారు. అడ్మిషన్‌కి చూడని యూసీలు కూడా చేరాక దీనికి వాడుకోవచ్చు. అందుకని శాట్ పెట్టే సంస్థ కాలేజ్ బోర్డ్‌లోని అకౌంట్ పాస్‌వర్డ్ ఆ ఆగస్టు దాకా ఎక్కడైనా రాసి ఉంచుకోండి.